తెల్లనెత్తురు చేపలు



మృగశిర కార్తె ప్రవేశించిన నాడు మా తెలంగాణ సీమలో చేపకూర వండని యిల్లు అరుదు. రోహిణి ఎండలకు కాగిన దేహమునకు ఆనాటి చేప మేలు చేయునని పెద్దల నమ్మకము. మాయింట చేపలు వండుట లేదు. అయినను ఆ యుదయమున మా మందమర్రి వీధులలో చేపలబుట్టల చుట్టును జరుగు సందడి చూచుటకు నాకు వేడుకగానే యుండును. ఈ యేడు ఎదురింటి అక్క రెండు కొర్రమట్టలను సజీవముగా కొని తెచ్చినది. వారి కొళాయిలో నీరు రాని వేళ యగుటచే మా తొట్టినీరు అడిగి, పెద్ద గంగాళములో పోసి, చేపలను అందులో విడిచి, పైన పళ్లెము మూసి, పళ్లెముపై రుబ్బురోటి పొత్రము నిలిపి, బియ్యము కడుగుటకు తన యింటికి పోయినది. పోవుచు మా చిన్నదానితో "మూత తీయకు బిడ్డా, దుంకుతది" అని హెచ్చరించినది.

తీయవద్దన్న మూతను తీయని పిల్ల లోకములో కలదా? నేను పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి చూచుసరికి పొత్రము క్రిందను, పళ్లెము ప్రక్కను, మా అమ్మాయి గంగాళముపై వంగియు ఉన్నవారు. చేపలు దుముకలేదు. కాని మాటిమాటికి పైకి వచ్చి, నోరు నీటి వెలుపల పెట్టి, ఒక గుక్క గాలి పుచ్చుకొని మరల అడుగునకు పోవుచున్నవి. "అమ్మా, అది ఏమి త్రాగుచున్నది?" అని యడిగినది. త్రాగుట కాదు, గాలి పీల్చుట యని చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, లోపలికి పోయి, తన తండ్రిగారి భూగోళ పటముల పుస్తకము తెచ్చి, అడుగున తెల్లగా నున్న దక్షిణధ్రువ ఖండమును చూపి, "ఇక్కడి సముద్రము మీద మంచు గడ్డకట్టి యుండునని నాన్న చెప్పినారు. ఇక్కడి చేప గాలికై పైకి వచ్చిన తల తగులదా?" అని యడిగినది.

తొమ్మిదేండ్ల పిల్ల అడిగిన ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను. మా వారు పాఠశాల నుండి తెచ్చిన పుస్తకములను, ఇతరత్ర దొరికిన వ్రాతలను నెల దినములు చదివితిని. ఈ నెల మన శీర్షికకు ఆ సమాధానమే విషయము.

మొదట మన గంగాళములోని చేప సంగతి. నీరు ఎంత చల్లనైన అంత ఎక్కువగా ప్రాణవాయువును తనలో ఇముడ్చుకొనును. సున్న డిగ్రీల మంచినీటిలో లీటరుకు 14 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు పడిపోవును. వేసవిలో మన చెరువులు మోకాలిలోతు బురదగా మిగిలినప్పుడు ఆ మాత్రమును దొరకదు. అందుచేత కొర్రమట్టకు తలలో, మొప్పలకు పైగా, గాలిని నిలుపుకొను ఒక అర యేర్పడినది. ఆ గాలికి అది యెంత అలవాటుపడినదనగా, పైకి రానీయక నీటిలోనే యుంచిన యెడల ఊపిరాడక చచ్చును. నీటిలో మునిగి చచ్చు చేప! ఈ మాట వ్రాయుచుండగా నాకే నవ్వు వచ్చినది.

దక్షిణ సముద్రమున ఇందుకు సరిగా విపరీతము. అచ్చట నీరు మిక్కిలి చల్లన గనుక ప్రాణవాయువు నిండుగా నుండును. చేప పైకి రానక్కరలేదు. తల తగులు భయము లేదు. మా అమ్మాయికి ఈ ముక్క చెప్పగానే ఆమె ప్రశ్న తీరినది. నాకు మాత్రము అచ్చటనే ప్రశ్నలు మొదలైనవి.

అంత చల్లని నీటిలో చేప తానే గడ్డకట్టక యెట్లుండును? కుల్ఫీ అమ్మువారు మంచుముక్కలలో ఉప్పు కలుపుట మీరందరు చూచియుందురు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. సముద్రజలము ఇంచుమించు సున్నకు దిగువ 1.9 డిగ్రీల వరకు నీరుగానే నిలుచును. కాని సామాన్యమైన చేప నెత్తురులో సముద్రములో నున్నంత ఉప్పు లేదు. అది సున్నకు దిగువ ఒక డిగ్రీ చేరకమునుపే గడ్డకట్టవలెను. అనగా చుట్టునున్న నీరు ద్రవముగా నుండగా దానిలోని చేప మాత్రము మంచుగడ్డ కావలెను. కాకున్నది. ఎందువలన?

1960 తరువాత డివ్రీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దక్షిణధ్రువ ఖండపు తీరమున మక్‌మర్డో అను చోట మంచుకు రంధ్రములు తొలిచి, గాలము వేసి, చేపలను పట్టి, వాని నెత్తురును పరిశోధించెను. ఆ నెత్తురులో చక్కెరయు మాంసకృత్తును కలిసిన యొక పదార్థము దొరకినది. నెత్తురులో సూదిమొన యంత మంచుపలుకు పుట్టిన వెంటనే ఈ పదార్థము దానికి అంటుకొని, మరి పెరుగనీయదు. మంచు పుట్టకుండ చేయుట కాదు సుమీ, పుట్టినదానిని పెరుగనీయకుండుట. మనము చక్కెర పాకము పట్టునప్పుడు అది పలుకులు కట్టకుండ నాలుగు నిమ్మరసపు చుక్కలు పిండుదుము గదా. పని తీరు వేరైనను, ఫలము అట్టిదే యని తలచుకొనుడు.

ఈ పదార్థము చేప కడుపులోనే, ముఖ్యముగా క్లోమమున, తయారగును. ఆహారము జీర్ణము చేయు రసమొకటి క్లోమమున పుట్టును గదా. ఆ రసమును పుట్టించు సూత్రములోని యొక ముక్కయే కాలక్రమమున మారి ఈ మంచువిరుగుడుగా నైనదని 1997లో కనుగొనిరి. మొదట విన్నప్పుడు వింతగా తోచినది. ఆలోచించిన కొలది సహజముగా కనబడినది. చేప మ్రింగు ప్రతి కబళముతో, ప్రతి గుక్కతో మంచురజను కడుపులోనికి పోవును. ముప్పు మొదట ప్రవేశించునది నోటి దారిననే. విరుగుడును అచ్చటనే పుట్టినది.

ఇంకొక చోద్యము. ఉత్తరధ్రువ సముద్రములో కాడ్ జాతి చేప యొకటి కలదు. దక్షిణపు చేపలకు దానికి చుట్టరికము లేదు. నడుమ భూగోళమంతయు ఉన్నది. దాని నెత్తురులోను ఇంచుమించు ఇదే పదార్థము వేరుగా పుట్టినది. ఇరుగు పొరుగు ఎరుగని ఇద్దరు గృహిణులు, వేరు వేరు దేశములలో, ఎవరికి వారు ఒకే పచ్చడి కనిపెట్టినట్లు!

ఇక శీర్షికలో నేను వ్రాసిన తెల్లనెత్తురు సంగతి. బజారులో చేప కొను స్త్రీలు మొప్ప యెత్తి చూచుట మీకు తెలియును. ఎఱ్ఱగా నున్న తాజా చేప. పాలిపోయిన యెడల నిలువది. ఈ పరీక్షకు నిలువని చేపలు దక్షిణ సముద్రమున కలవు. అప్పుడే నీటి నుండి తీసినను వాని మొప్పలు మీగడవలె తెల్లగా నుండును. తిమింగలములను వేటాడబోయిన నార్వే నావికులు వీనిని ముందే యెరిగి "నెత్తురు లేని చేప" అని పిలుచుచుండిరట. 1927లో రుస్టాడ్ అను నార్వే జంతుశాస్త్రజ్ఞుడు బూవే దీవి యొద్ద ఇట్టి చేపను పట్టి చూచెను. రూడ్ అను మరియొక నార్వే పండితుడు చాలకాలము ఈ విషయము నమ్మలేదు. తుదకు తానే పరీక్షించి, ఈ చేపల నెత్తురులో ఎఱ్ఱకణములు గాని, వానికి రంగునిచ్చు హిమోగ్లోబిన్ గాని లేదని 1954లో ప్రకటించెను. వెన్నెముక కల ప్రాణులలో ఎదిగిన పిదపను హిమోగ్లోబిన్ లేక జీవించునవి ఈ యొక్క కుటుంబపు చేపలు మాత్రమే. ఇంచుమించు పదునారు జాతులు.

"రక్తము తక్కువగా నున్నది, ఇనుపధాతువు మాత్రలు వాడుడు" అని వైద్యులు చెప్పగా విని, మాత్రలను అటుక మీద దాచు సోదరీమణులు ఈ చేపను చూపి తప్పించుకొనజూతురేమో! అట్లు వీలుపడదు. హిమోగ్లోబిన్ లేని ఆ నెత్తురు, ఎఱ్ఱనెత్తురు మోయుదానిలో పదవవంతు కూడ ప్రాణవాయువును మోయలేదు. ఆ లోటు తీర్చుటకు ఈ చేపకు గుండె మిక్కిలి పెద్దది, నాళములు వెడల్పైనవి, నెత్తురు ఇతర చేపలకన్న రెండు మొదలు నాలుగు రెట్లు అధికము. పొలుసు లేని చర్మము గుండ కూడ కొంత ప్రాణవాయువును పుచ్చుకొనును. ఒక్క సొమ్ము పోగొట్టుకొని, దాని వెలితి కానరాకుండ పది చోట్ల అప్పుచేసి సంసారము నెట్టు నిల్లాలివలె నున్నది దీని బ్రతుకు. ఎఱ్ఱకణములు లేకున్న నెత్తురు పలుచనై సులువుగా పారునని, కనుక ఇది మేలే యని కొందరు పండితులందురు. కాదు, ఇది యొక నష్టమే. చుట్టును ప్రాణవాయువు సమృద్ధిగా నున్న చల్లని నీరుండుటచే ఆ నష్టముతో కూడ బ్రతికి బట్టకట్టినది అని మరికొందరందురు. నాకు రెండవ మాటయే సరియని తోచును. ఏలయన, ఆ నీరు చల్లగా నున్నంత కాలమే ఈ సంసారము సాగును.

ఇవి యేమి తినును? మనకు సహజముగా కలుగు ప్రశ్న యిది. మంచుదేశములో మొక్క లేదు, మోడు లేదు. కాని సముద్రముపై తేలు మంచుగడ్డ క్రిందిభాగమును చూచిన వారు అది పాకుడు పట్టిన బావిరాయివలె నుండునని వ్రాసిరి. మంచు గుండ దిగు కొద్దిపాటి వెలుగుతో అచ్చట సన్నని పాచి పెరుగును. అదియే ఆ దేశపు పంటపొలము; తలక్రిందుగా వ్రేలాడు పొలము. క్రిల్ అను రొయ్యవంటి ప్రాణి, మన చిటికెనవ్రేలంత యుండునది, చలికాలమున ఈ మంచును గీరి గీరి పాచి మేయును. వేసవిలో నీటిలో తేలు పాచిని తన కాళ్ల కుచ్చులతో జల్లించి తినును. నూకగింజలంత ప్రాణులు ఇంకను అనేకములు కలవు. చేపలు వీనిని తినును. చేపలను, క్రిల్లును కూడ పెంగ్విన్ పక్షులు, సీల్ జంతువులు తినును. తిమింగలములకును క్రిల్లే ముఖ్యాహారము.

వెండిచేప యని పిలువబడు జానెడు చేప ఈ సంసారమున నడిమి స్తంభము. దీని బంధువులెవరికిని చేపలకు సామాన్యముగా నుండు గాలితిత్తి లేదు. అందుచే చాలభాగము అడుగుననే పడియుండి, పురుగులను, చిన్న రొయ్యజాతులను ఏరుకొని తినును. వెండిచేప మాత్రము ఒంటిలో కొవ్వుసంచులు నింపుకొని, ఆ తేలికతో నడినీటిలో తేలనేర్చినది. నూనె నీటిపై తేలుట మనకు క్రొత్త కాదు గదా. దీని గ్రుడ్లు తీరపు మంచు క్రింద, రేకులవలె పేరుకొను సన్నని మంచుపలుకుల నడుమ పొదుగును. అచ్చటి చేపలలో దొడ్డది పల్లుచేప. ఆరడుగులు మించి, నూరు కిలోలకు మించి పెరుగగలదు. వెండిచేపలను, ఇతర చేపలను తిని బ్రతుకును. దానిని తినుటకు సీల్ జంతువు మంచురంధ్రము క్రింద కాచుకొని యుండును. మంచు గడ్డ సందులలో దాగి, దరికి వచ్చిన రొయ్యపిల్లలను అందుకొను చిన్న చేపలును కలవు. తెల్లనెత్తురు చేపలలో నొకటి క్రిల్లునే నమ్ముకొనినది. దక్షిణ జార్జియా దీవి చుట్టును క్రిల్లు రాని యేడు, దానికంటె తక్కువ బలముగల వేరు రొయ్యజాతితో కడుపు నింపుకొని చిక్కిపోవును. కందిపప్పు దొరకని యేడు మనము నీళ్లచారుతో గడిపినట్లే.

నెలల తరబడి సూర్యుడు కానరాని చలికాలమున కొన్ని చేపలు చేయు పని యేమి? అచ్చటి యొక చేప శీతకాలమున కదలిక మానుకొని, గుండె కొట్టుకొనుట నెమ్మది చేసి, తిండి దాదాపు విడిచి, నిద్రవంటి స్థితిలో నుండునని 2008లో వెల్లడించిరి. నీరు అంతకన్న చల్లబడుటచే కాదట. తిండి, వెలుగు రెండును తరుగుటచే ముందుగానే ఖర్చు తగ్గించుకొనుట. జీతము రాని నెల మనమేమి చేయుదుమో అదే.

నన్ను అన్నిటికంటె కదిలించినది వేరొకటి. 2021 ఫిబ్రవరిలో జర్మనీ వారి పరిశోధన నౌక వెడ్డెల్ సముద్రమున మంచుకు దిగువ, నాలుగైదు వందల మీటర్ల లోతున, చిత్రములు తీయు యంత్రమును ఈడ్చుకొని పోవుచుండగా అడుగున గుండ్రని గుంటలు కానవచ్చెను. ఒకటి, పది, నూరు. గంటలు గడచినను తరుగలేదు. అవి యన్నియు తెల్లనెత్తురు చేపల గూళ్లు. ఒక్కొక్కటి మూరన్నర వెడల్పు, జానెడుకు కొంత తక్కువ లోతు. అడుగున చిన్నరాళ్లు పరచి, మీద గ్రుడ్లు. ఒక్కొక్క గూటిలో సగటున 1735 గ్రుడ్లు. చాల గూళ్లలో ఒక్కొక్క చేప కావలి కూర్చుండి యుండెను. మొత్తము 240 చదరపు కిలోమీటర్ల మేర, ఇంచుమించు 6 కోట్ల గూళ్లు ఉండవచ్చునని లెక్క వేసిరి. చుట్టుపట్ల నీటికన్న అచ్చట రెండు డిగ్రీల వరకు వెచ్చదనము ఎక్కువ. పురిటియిల్లు కొంచెము వెచ్చగా నుండవలెనని వానికిని ఎవరో చెప్పినట్లున్నది.

ఇంతవరకు చదివి, బొగ్గు గనుల యూరిలో, మృగశిర యెండలో కూర్చుండి యీమె మనకు మంచు దేశపు కథలు చెప్పుటయేమి యని మీరనుకొందురేమో. నేనును అట్లే యనుకొంటిని. కాని మాయింటి గూటిలో ఒక రాయి యున్నది. ఎదురింటి అన్నయ్య కల్యాణిఖని గనిలో పని చేయును. కొన్నేండ్ల క్రిందట బొగ్గుపొర మీది నల్లరాతి పలకయొకటి తెచ్చి మా వారికిచ్చినాడు. దానిపై నాలుకవంటి ఆకు, ఈనెతో సహా అచ్చుపడి యున్నది. ఆ చెట్టు పేరు గ్లొసాప్టెరిస్; నాలుకాకు అని అర్థము. మన బొగ్గు ఆ చెట్ల శరీరమే.

ఇంచుమించు 30 కోట్ల సంవత్సరముల క్రిందట మన భూమి దక్షిణధ్రువమునకు చేరువగా నుండెను. అప్పుడు గోదావరి, ప్రాణహిత లోయల మీద మంచునదులు ప్రాకెను. అవి ఈడ్చి తెచ్చి పడవేసిన గుండ్లు మన బొగ్గుపొరలకు అడుగున నేటికిని కలవు. మంచు కరిగిన పిదప, ఇంకను చలిదేశముగా నుండగానే, చిత్తడినేలల మీద నాలుకాకు చెట్లు అడవులుగా పెరిగి, ఆకు రాల్చి, పూడి, బొగ్గైనవి. అప్పుడు దక్షిణధ్రువ ఖండము, మన దేశము, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఒక్కటే నేల. ఆ నేలకు పండితులు పెట్టిన పేరు గోండ్వానా. మా ప్రక్క యడవులలో నివసించు గోండుల పేరే అది! నడిదేశమున గోండుల నాటి రాళ్లకు 1872లో పెట్టిన పేరు తరువాత ఆ పురాతన మహాఖండమునకు చెల్లినది. 1912 ఫిబ్రవరిలో, దక్షిణధ్రువము చేరి తిరిగి వచ్చుచు, ఆకలిచే, చలిచే కృశించిన స్కాటు దొర బృందము దారిలో ఏరిన రాళ్లను ఇంచుమించు 16 కిలోల బరువైనను విడువక తుదివరకు బండి మీద లాగెను. వారందరు మంచులో మరణించిన పిమ్మట, ఆ రాళ్లను విప్పి చూడగా వానిలో ఈ నాలుకాకే యుండెను. అనగా మాయింటి గూటిలోని ఆకు, ఆ తెల్ల ఖండపు ఆకు ఒక్క అడవివి.

పిమ్మట నేలలు విడిపోయెను. మనది ఉత్తరమునకు వచ్చి ఎండకెక్కినది. కొర్రమట్టకు గాలి మ్రింగవలసిన చెరువులు మన పాలబడెను. ఆ ఖండము ధ్రువము మీదనే నిలిచి, చుట్టును సముద్రము తిరుగగా, 3 కోట్ల 40 లక్షల సంవత్సరముల క్రిందట మంచు కప్పుకొనెను. అచ్చటి నీటిలో చిక్కిన కొన్ని చేపల సంతతియే నేనింతవరకు చెప్పినవి.

అవి ఆ చలికి ఎంతగా కుదురుకొనినవనగా, మక్‌మర్డో చేపలను 6 డిగ్రీల నీటిలో నుంచగా చనిపోయినవని 1967లో డివ్రీస్, సొమెరో అనువారు తెలిపిరి. ఆరు డిగ్రీలు! మన ఫ్రిజ్జులో పాలు నిలువయుంచు అరలో నుండు చల్లదనమునకు ఇంచుమించు సమానము. ఆ చల్లదనమే వానికి వడదెబ్బ.

మహాభారతము శాంతిపర్వములో మూడు చేపల కథ చిన్ననాడు నాకు మా నాయనగారు చెప్పినారు. చెరువు ఎండుకాలము రానున్నదని తెలిసి దీర్ఘదర్శి ముందే కాలువ వెంట వేరు మడుగునకు పోయినది. ప్రాప్తకాలజ్ఞుడు సమయమునకు ఉపాయము పన్ని తప్పించుకొనెను. దీర్ఘసూత్రుడు చిక్కి చచ్చెను. ఈ కథను మా అమ్మాయికి చెప్పుచుండగా నాకు తోచినది: దక్షిణ సముద్రపు చేపలలో దీర్ఘదర్శి యున్నను ఏమి లాభము? వెచ్చని సముద్రములలోని చేపలు నీరు వేడెక్కిన కొలది ధ్రువముల వైపు జరుగుచున్నవి. ధ్రువము నొద్దనే యున్నది ఎచ్చటికి జరుగును? అంతకన్న చల్లని మడుగు భూమి మీద లేదు. కాలువ అచ్చటితో సరి.

వేడెక్కుట కల్పన కాదు. బొగ్గు, నూనె కాల్చగా పుట్టు బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని భూమిని దుప్పటివలె కప్పుచున్నది. 1979 నుండి ఉపగ్రహములతో దక్షిణ సముద్రపు మంచు కొలుచుచున్నారు. 2023 చలికాలమున ఆ మంచు అన్ని యేండ్లకన్నను తక్కువగా పరచుకొనెను. మంచు తరిగిన తలక్రిందుల పొలము తరుగును. పొలము తరిగిన క్రిల్లు తరుగును. తరువాతి వరుస మీకు చెప్పనక్కరలేదు.

మనుష్యుల వలను కూడ మరువరాదు. దక్షిణ జార్జియా చుట్టును 1969–70లో సోవియట్ రష్యా నావలు ఒక్క చేపజాతినే ఇంచుమించు 4 లక్షల టన్నులు పట్టెను. రెండేండ్లలో ఆ జాతి అడుగంటినది. అవి నెమ్మదిగా పెరిగి, ఏండ్లు గడచిన పిదప గాని గ్రుడ్లు పెట్టవు. కోసిన గడ్డివలె మరుసటి వానకు మొలచునవి కావు. ఆ తరువాత దేశములు కూడి 1980లో ఒడంబడిక చేసికొని, ఎన్ని పట్టవచ్చునో లెక్క కట్టుచున్నవి. మన దేశము కూడ 1986 నుండి ఆ సంఘమున సభ్యురాలు. 2016లో రాస్ సముద్రమున చాల భాగమును కాపుదల క్రిందికి తెచ్చిరి. అయినను క్రిల్లును పట్టు నావలు నేటికిని పోవుచునే యున్నవి. చేపల పెంపకమునకు మేతగా, మందుగోళీలలో నూనెగా అది అమ్ముడగుచున్నది.

ఆనాటి మధ్యాహ్నము ఎదురింటి అక్క గంగాళము తీసికొనిపోవ వచ్చినది. ఆనాటికి నేను చదివినది స్వల్పమే. తరువాతి దినములలో ఆమెకు కొంచెము కొంచెముగా చెప్పుచు వచ్చితిని. తెల్లనెత్తురనిన ముక్కున వ్రేలు వేసికొన్నది. గూటికి కావలి కూర్చున్న చేప సంగతి రెండుసార్లు చెప్పించుకొన్నది. ఒకనాడు మా అమ్మాయి, ఆమె యెదుటనే, "అయితే మన బొగ్గుచేతనే ఆ నీరు వేడెక్కుచున్నదా?" అని యడిగినది. లోకమంతటి బొగ్గు, నూనె అందుకు కారణమని, అందులో మనదియు కలదని చెప్పితిని. అబద్ధమాడుటకు మనసు రాలేదు. అక్క కొంతసేపు మాటాడలేదు. తరువాత, "మరి బొగ్గు తీయకపోతె మా ఇంట్ల పొయ్యెట్ల మండాలె పంతులమ్మా?" అన్నది. కోపముగా అనలేదు.

నాకు మాట దొరకలేదు. మా వారి బడికి వచ్చు పిల్లలలో సగముమంది గనిలోనికి దిగువారి బిడ్డలే. నేనీ వ్యాసము వ్రాయుచున్న దీపము కూడ బొగ్గుతో పుట్టిన విద్యుత్తుచేతనే వెలుగుచున్నది. గనులు ఒక్కనాడు మూయవలెననువారు ఈ వీధిలో ఒక నెల కాపురముండి చూడవలెనని నా కోరిక. గనులెన్నడును తరుగవనువారికి గూటికి కావలి కూర్చున్న చేప బొమ్మను చూపవలెనని కూడ నా కోరిక. అక్క పెద్దకుమారుడు తండ్రి పని తనకు వలదని, సూర్యుని వెలుగుతో విద్యుత్తు పుట్టించు పలకలు బిగించు పని నేర్చుకొనుటకు మంచిర్యాలకు పోవుచున్నాడు. దానికి తల్లి సగము సంతోషించును. గనిలోని జీతము అందులో రాదని సగము దుఃఖించును.

మా అమ్మాయి గూటిలోని ఆకురాతిని తీసి, తుడిచి, తన పుస్తకముల ప్రక్కన పెట్టుకొన్నది. నిన్న ఎదురింటి అన్నయ్య రాత్రి పాళీ ముగించి వచ్చుచుండగా, వీధిలోనే ఆపి, "పెదనాన్నా, ఆకు దొరికినది గదా, చేప గల రాయి దొరికిన తెచ్చెదవా?" అని యడిగినది. చూచెదనని చెప్పి అతడు స్నానమునకు పోయినాడు.